అవ్వ కాలికి తీసిన కార్డు

ఇవాళ ఆస్పత్రిలో అక్క కొడుకు బైబిలు వాగ్దానాల కార్డుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. ఏదీ తేలనప్పుడు మా చర్చి సంఘం ఇళ్లలో ప్రార్థన చేసి ఒక కార్డు తీస్తారు; దానిమీది వాక్యమే దేవుడి జవాబు. అక్కకు మతిమరుపు, షుగరు, గుండెజబ్బు. కాలు తీసేయాలో వద్దో సాయంత్రంలోగా చెప్పమన్నాడు డాక్టరు.

"దేవుడు నీ చేత్తోనే చెప్తాడంట గదా, తియ్యి మామా."

దేవుడు నా చేత్తో చెప్తాడన్న పేరు నేను పెంచుకున్నదే. నాన్న దోణిమలై ఇనుప గనిలో లారీ నడిపే రోజుల్లో మా కార్డుల పెట్టె మీద కూడా ఎర్రధూళే. అప్పుడు అవ్వకూ ఇవే జబ్బులు, ఇదే ప్రశ్న. కాలు తీయకపోతే పుండు చంపుతుంది, తీస్తే గుండె ఆగొచ్చు. "నువ్వు తియ్యప్పా" అన్నాడు నాన్న. గాలి వీచి కార్డు దానంతటదే నా వేళ్లలోకి ఎగిరొచ్చిందని యాభై ఏళ్లుగా చెబుతున్నాను.

అబద్ధం. విశ్రాంతి గురించిన కార్డును ముందే జేబులో దాచుకున్నాను. తలమీదున్న కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతికే అవ్వ, కాలు పోతే దాన్నీ రోజంతా వెతుక్కుంటుందని నా భయం.

"విశ్రాంతి ఇమ్మంటాండాడు. కోత దేవుడు వద్దంటాండాడు" అన్నాడు నాన్న, కార్డు చదివి.

అవ్వ కార్డు లాక్కుని, "బస్సు టికెట్టు యాడికిరా? మా ఊరు రూపనగుడికా?" అంది. అందరం నవ్వాం. ఆమెను మాత్రం ఎవరమూ అడగలేదు. నెల తిరక్కుండానే పోయింది. కాలు తీసినా పోయేదేమో, తెలియదు.

పెట్టె మూసి అక్క చెయ్యి పట్టుకున్నాను. "నీ కాలు ఏం చేద్దామక్కా?"

జవాబు కోసం ఇంకా కూర్చునే ఉన్నాను.