చక్రాల కుర్చీలో సంచి

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఒక పెద్దావిడ కుర్చీల వీపులు పట్టుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది. రెండు మోకాళ్లూ వాచిపోయి, అడుగు వేసినప్పుడల్లా మొహం ముడుచుకుంటోంది. నాకూ మోకాళ్ల నొప్పులే కనుక జాలేసింది. పక్క కుర్చీలోంచి నా బ్యాగు తీసి, "కూర్చోండి పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ ఇంతెత్తున లేచింది.

"నువ్వు గూడ గదే మాటనా? మోకాళ్లు అరిగినయని ఇంట్లోళ్లు నన్ను కుర్చీల కూసోవెట్టిన్రు. చాయ్ గాడికే, అన్నం గాడికే. నొప్పికి నా అంతల నేనే రోజూ గోలీలు మింగిన. ఆఖరికి గుండెల నరం పూడింది. స్టెంట్ ఏసినంక దవాఖానల డాక్టర్ ఏమన్నడో ఎర్కేనా? కూసునుడు బంద్ వెట్టు, గా గోలీలు బంద్ వెట్టు, మెల్లగ నడువు అన్నడు. మోకాళ్లు నొస్తే నొయ్యనీ. నేనైతే కూసోను."

అంతలో పోర్టర్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. ఆవిడ కొడుకు ఫోన్ చేసి చెప్పాడట. ఆవిడ తన సంచిని ఎత్తి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. పోర్టర్‌ను జర జరగమని, రెండు పిడులూ తనే పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి తోసుకుంటూ పోయింది. అతను ఖాళీ చేతులతో వెనకాలే నడిచాడు.

ఆవిడ పేరు అడగలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా నా కుర్చీ దగ్గరికి కాఫీ తెస్తే, తిరిగి వంటింట్లో పెట్టేయమంటాను. నేనే లేచి వెళ్లి తెచ్చుకుంటాను.

"నువ్వు వెళ్లేసరికి చల్లారిపోతుంది" అంటారు.

చల్లారనీ.