ఓడ అడుగున మా తమ్ముడు

మా తమ్ముడు ఓడలో పనిచేసేవాడంటే మా వైపు జనం మొదట అడిగే మాట "నేవీనా?" అని. కాదంటే వాళ్ల ముఖంలో ఆసక్తి సగానికి తగ్గిపోతుంది. సరుకు మోసే ఓడండీ, లారీ లాంటిదే, కాకపోతే నీళ్ల మీద పోతుంది అని చెప్పేదాన్ని. లారీ అనగానే మా పల్నాడు వాళ్లకి అంతా అర్థమైపోతుంది. తుపాకీ లేదు, దేశం కోసం అనే మాట అసలే లేదు. మొక్కజొన్నలో, ఎరువులో ఒక రేవులో ఎక్కించుకుని ఇంకో రేవులో దించడం, అంతే పని. అలాంటివాడు యుద్ధంలో పోయాడంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. ఎవరివో రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. ఆ రెంటితో మాకు చుట్టరికమూ లేదు, పేచీ కూడా లేదు.

మా ఊరు మాచర్లకీ గురజాలకీ మధ్య ఉంటుంది. ఇంటింటికీ నాపరాయి పనే. మా నాన్న క్వారీలో రాయి తీసేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం క్వారీ అంచు విరిగి కింద పనిలో ఉన్నవాళ్ల మీద పడింది. పైన ఉన్నవాళ్లు పరుగెత్తి బతికారు. మా నాన్న కింద ఉన్నాడు. పెద్దకర్మ రోజు, చుట్టాలింకా విస్తళ్ల ముందు నుంచి లేవకముందే, అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

"నేల కిందకి దిగే పని చెయ్యనని నా మీద ఒట్టెయ్యరా."

వాడు ఏడుస్తూ ఒట్టేశాడు. ఆ ఒట్టుతో మా ఊళ్లో వాడు చెయ్యగలిగిన పనుల్లో సగం పోయాయి. రాళ్లు కోసే మిల్లులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. అక్కడ పనిచేసే ఒకాయన ఓడల్లో వెల్డర్లకు మంచి గిరాకీ ఉందని చెప్పాడు. విశాఖపట్నం వెళ్లి కోర్సు చేశాడు, కాగితాలన్నీ తెచ్చుకున్నాడు. సముద్రం అనేసరికి అమ్మ ఒప్పుకోదేమోనని మేం భయపడ్డాం. కానీ ఆమె ఏమీ అనలేదు. పైగా పక్కింటి అత్తకి ధీమాగా చెప్పింది.

"ఓడ నీళ్ల మీదే గదా ఉండేది. దాని కింద ఏముంటది, చేపలు తప్ప?"

నవ్వకండి. మేమందరం అలాగే అనుకున్నాం. భూమిని తవ్వుకుని బతికేవాళ్లకి ప్రపంచం రెండే ముక్కలు: పైన, కింద. పైన ఉంటే అన్నం, కింద ఉంటే అన్నంతో పాటు భయం. ఓడ అనేది పైన ఉండే వస్తువు. దానికి లోపల అడుగంటూ ఉంటుందని, అక్కడ మనుషులు పనిచేస్తారని మాలో ఎవరికీ తట్టలేదు. వాడికి కూడా ఓడ ఎక్కాకే పూర్తిగా తెలిసినట్టుంది. మొదటిసారి ఫోన్ దొరకగానే నాకు చేశాడు.

"అక్కా, ఇక్కడ కూడా గుంత ఉందే."

"ఏం గుంతరా?"

"ఇంజిన్ రూమ్. నా డ్యూటీ అంతా అడుగునే. బయట నీళ్లు నా తలకంటే పైన ఉంటయ్యంట. అమ్మకి చెప్పమాక."

చెప్పనన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎందుకు ఇచ్చానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కానీ అప్పుడు అది పెద్ద విషయంలా తోచలేదు. కుర్రాడికి ఉద్యోగం వచ్చింది, అమ్మ నిద్రపోతోంది, ఇంకేం కావాలి?

అమ్మ కోసం వాడు ఫోటోలు పంపేవాడు. అన్నీ డెక్ మీదవే. వెనక సముద్రం, చేతిలో రంగు బ్రష్షు. ఆ బ్రష్షు వాడిది కాదు. ఫోటో కోసం పక్కవాడి దగ్గర అడిగి పట్టుకునేవాడు. అమ్మ ఆ ఫోటోలు వీధంతా చూపించి "మావాడు ఓడకి రంగులేస్తాడు" అని చెప్పుకునేది. "ఎన్నేళ్లయినా ఆ రంగు అయిపోదేందిరా" అని వాణ్ణే ఎగతాళి చేసేది. పెళ్లయ్యాక వాడు భార్యకి మాత్రం ఉన్నమాట చెప్పాడు. మా మరదలు గురజాలలో ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. మాట దాచమంటే దాచే మనిషి. అట్లా ఇద్దరం కలిసి ఏళ్ల తరబడి అమ్మని నిద్రపుచ్చాం.

వాడి ఓడ ఒక రేవు బయట లంగరు వేసుకుని వంతు కోసం కాచుకుని ఉండగా బాంబు డ్రోన్ వచ్చి ఓడ పక్క భాగానికి తగిలింది. సరిగ్గా ఇంజిన్ రూమ్ ఉన్నచోట. కొద్ది గంటల్లో ఓడ మునిగిపోయింది. పైన ఉన్నవాళ్లందరినీ ఇంకో ఓడ వచ్చి ఎక్కించుకుంది. కంపెనీ నుంచి మా మరదలికి ఫోన్ వచ్చింది. పోయాడని చెప్పలేదు, మిస్సింగ్ అన్నారు. నేను నరసరావుపేట ఆసుపత్రిలో నర్సుని, అప్పుడు డ్యూటీలో ఉన్నాను. బస్సెక్కి ఇంటికి చేరేసరికి వాకిలి నిండా జనం. అమ్మ మాత్రం టీవీ ముందు నిటారుగా కూర్చుని ఉంది.

"పైనోళ్లంతా బతికారంట గదే. మనోడు పైనే గదా ఉండేది" అంది నన్ను చూడగానే.

మా మరదలు నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

అమ్మ లెక్క అమ్మకి ఉంది. డెక్ మీద ఉన్నవాడు నీళ్లలోకి దూకి ఉంటాడు. చిన్నప్పుడు సాగర్ కాలవలో ఈత నేర్చినవాడు. ఎవరో ఎక్కించుకుని ఉంటారు. ఏదో దేశంలో ఆసుపత్రిలోనో జైల్లోనో ఉన్నాడు, భాష రాక చెప్పుకోలేకపోతున్నాడు. ఉప్పునీళ్లలో మనిషి తేలతాడంట గదా అని నన్ను అడిగేది. పొద్దున్నే ఫోన్ చేసి, ఆ సముద్రంలో ఇవాళ గాలి ఎట్టా ఉందో నీ ఫోన్‌లో చూసి చెప్పమనేది. నేను చూసి చెప్పేదాన్ని.

దీనికి నలిగిపోయింది మా మరదలు. రోజూ నిండుగా బొట్టు పెట్టుకోవాలి. చేతులకు గాజులుండాలి. శుక్రవారం పూలు. శనివారం మొగుడి పేరున ఉపవాసం. ఇంట్లో కళ్లనీళ్లు పెడితే "అపశకునం, ఆపు" అని అమ్మ కసిరేది. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వచ్చి, శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉందని, ఆ కార్యం జరిపిస్తే మంచిదని మెల్లగా చెప్పబోయాడు.

"బతికున్నోడికి కొరివి పెట్టమంటావేందయ్యా? నీకు కొడుకులు లేరా?" అని అమ్మ లేచింది.

ఎలక్షన్లప్పుడు కూడా తనని ఎవరూ అంత మాట అనలేదని ఆయన చెప్పుకుని బాధపడ్డాడట. క్రోసూరు నుంచి మరదలి తల్లి వచ్చి కూతుర్నీ మనవరాల్నీ నాలుగు రోజులు తీసుకుపోతానంది. "మొగుడొచ్చే ఏళకి ఇంట్లో లేకపోతే ఎట్టా?" అని అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

మూడు నెలలు గడిచాక ఒక శనివారం సాయంత్రం, నేను బస్సు దిగి వస్తుంటే మరదలు ఎదురొచ్చింది. రోడ్డు మీదే నిలబెట్టి మాట్లాడింది.

"వదినా, ఆయన కోసం నేను ఒక్కసారన్నా గొంతెత్తి ఏడవాల. ఈ బొట్టు పెట్టుకుని ఎట్టా ఏడ్చేది? పాప నాన్న ఎప్పుడొస్తాడంటే అత్తయ్య వచ్చే నెలని చెప్తంది. నువ్వు చెప్పకపోతే రేపు నేనే చెప్తా. నేను చెబితే ఆమె బతికినంత కాలం నా మొహం చూడదు."

ఆ మాటకి నాకు సిగ్గేసింది. వార్డు బయట నిలబడి చావు కబుర్లు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఎవర్ని ముందు కూర్చోబెట్టాలో, ఏ మాట ముందు అనాలో నాకు బాగా తెలుసు. నా తల్లి దగ్గరికి వచ్చేసరికి సముద్రంలో గాలి ఎట్టా ఉందో చెబుతూ కూర్చున్నాను. తమ్ముడి మీద కూడా కోపం వచ్చింది. తన అబద్ధాన్ని మా చేతుల్లో పెట్టి తాను పోయాడు.

ఆదివారం పొద్దున అమ్మ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను.

"అమ్మా, తమ్ముడు రంగులేసేవాడు కాదు. ఓడకి అడుగుంటది. అక్కడ మిషన్ల దగ్గర వాడి పని. దెబ్బ తగిలింది అక్కడే."

చేతిలో కాయ తొడిమ తీసి, కాయ ఇటూ తొడిమ అటూ వేసి, అప్పుడు తలెత్తింది.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదట్నుంచీ."

"దానికి?" అని లోపలికి చూసింది.

"దానికీ తెలుసు."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఇంకో కాయ చేతిలోకి తీసుకుని అడిగింది.

"ఎన్ని మెట్లు?"

నాకు అర్థం కాలేదు.

"అడుగు నించి పైకి ఎన్ని మెట్లే? క్వారీకి ఉండవా మెట్లు, అట్టా."

నాకు తెలియదు. వాడితో పనిచేసి బతికి బయటపడిన శ్రీకాకుళం కుర్రాడొకడు అప్పటికి ఇంటికి వచ్చేసి ఉన్నాడు, మాకు వారానికోసారి ఫోన్ చేసేవాడు. అతనికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అమ్మ అడిగింది. అతను మెల్లగా లెక్కపెట్టుకున్నాడు.

"మూడు నిచ్చెనలమ్మా. మొత్తం నలభై పైన ఉంటాయి."

"లైట్లు పొయినయ్యా?"

"పోయాయమ్మా. కానీ రోజూ ఎక్కిదిగేవే కదా, కళ్లు మూసుకుని ఎక్కేస్తాం."

"మునగటానికి ఎంతసేపు పట్టింది?"

"రెండు గంటలు పైనే పట్టిందమ్మా. మేం పైనుంచి పిలుస్తానే ఉన్నాం. దిగబోతే పొగ. ఒక్కసారి కూడా పలకలేదు."

"సరే నాయనా. అన్నం తిన్నావా?" అని అడిగి, తిన్నానన్నాక ఫోన్ నా చేతికిచ్చింది.

"నలభై మెట్లు వాడికొక లెక్కా! రెండు గంటలు టైముంటే పాక్కుంటా అన్నా వచ్చేవాడు. రాలేదంటే ఆ దెబ్బకే పొయ్యాడు, మీ నాన్నలాగా. నీళ్లొచ్చేదాకా బతికి లేడు."

నాతో కాదు, తనలో తాను చెప్పుకున్నట్టు ఇంకోసారి అంది. తర్వాత లోపలికి కేకేసింది. "అమ్మాయ్, మీ అమ్మకి ఫోన్ చేసి రమ్మను. పంతులికీ కబురు చెయ్యాల." మరదలు తలుపు దగ్గరే కూలబడింది. ఆ ఇంట్లో మూడు నెలల తర్వాత మొదటిసారి ఏడుపు వినిపించింది. అమ్మ ఆపమనలేదు.

దర్భలతో బొమ్మ చేశారు. వాడి చొక్కా ఒకటి దానికి తొడిగారు. మా చిన్నాన్న కొడుకు కొరివి పెట్టాడు. పదకొండో రోజు వీధిలో ఆడవాళ్లు గాజులు తీయించడానికి వచ్చారు. అమ్మ వాళ్లని వాకిట్లోనే ఆపింది. "పెట్టుకోమని నేను సతాయించింది చాలు. తియ్యమని మీరు సతాయించమాకండి. దాని ఇష్టం" అంది. మరదలు తనంతట తానే రెండు గాజులుంచుకుని మిగతావి తీసేసింది. మర్నాడు పాపని తీసుకుని తల్లితో క్రోసూరు వెళ్లింది. అమ్మే వాళ్ల సంచి మోసి బస్సెక్కించి వచ్చింది.

ఆ పదకొండు రోజులూ అమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, ముఖం చూడలేదు. ఒట్టు తప్పిన కొడుకుని ఏమీ అనలేక ఆ కోపం నా మీద చూపిస్తోందనుకున్నాను. పడాల్సిందేలే అనుకున్నాను. వాళ్లు క్రోసూరు వెళ్లిన సాయంత్రం నేను నరసరావుపేట బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఆ రోజే చెప్పి సావొచ్చు గదే నాకు" అంది. "మూడు నెలల్నించీ రాత్రీ పగలూ వాణ్ణి ఆ నీళ్లలో ఈదిస్తానే ఉన్నా."