చేతులున్న బొమ్మ, తిరిగే రోలు

2002లో విజయవాడ వన్ టౌన్‌లో మాది మిఠాయి తయారీ మిషన్లు అమ్మే కొట్టు. బేరం మా ఇంట్లో ఉగ్గుపాలతోనే పడతారు. కాఫీ కావాలంటే ముందు టిఫిన్ అడిగి కాఫీకి దిగే రకం నేను.

ఒకరోజు లడ్డూల కార్ఖానా నడిపే ఖాసిం గారు, తన దగ్గర పనిచేసే జైతూన్‌బీని వెంటబెట్టుకుని వచ్చారు. తొక్కుడు లడ్డూకి శనగపిండి జంతికలు వేయించి దంచాలి. దంచే మిషన్‌ని మేం పౌండర్ అంటాం. మోటారు రోకలిని ఎత్తి వదులుతుంది, అంతే. రోలు అంచులకు ఎక్కిన పొడిని, రోకలి పైకి లేచినప్పుడల్లా మనిషే చేత్తో నడుమకు తోయాలి. ఆ తోయడంలోనే జైతూన్‌బీ చూపుడువేలు నలిగింది. కట్టు ఇంకా తడిగానే ఉంది.

"చెయ్యి పెట్టనక్కర్లేని మిషన్ కావాలండీ," అన్నారు ఖాసిం గారు.

"చెయ్యి పోకూడదు, పనీ పోకూడదు సేటుగారూ," అంది ఆమె వెనకనుంచి, నాతో.

మాకు మిషన్లు కట్టిపెట్టే ఫాబ్రికేటర్, అంటే ఇనుము కోసి అతికించే పనివాడు, మస్తాన్. "చేతి పని చెయ్యే చెయ్యాలి గురూగారూ" అంటూ తలా, రెండు చేతులూ ఉన్న ఇనప బొమ్మను చేశాడు. ఒక చెయ్యి దంచుతుంది, రెండోది తోస్తుంది. జనం ఆటోలు ఆపి మరీ చూశారు. నేను మనసులో రేటు పెంచేసి, బొమ్మకో తలపాగా కూడా చుట్టాను.

జైతూన్‌బీ మాత్రం దాని చేతులకేసే చూస్తోంది. "నా పని నేర్చేసుకుందా ఇది?"

నేర్చుకోలేదు. పొడి ఎక్కడ పేరుకుందో దానికి తెలియదు. ఖాళీగా ఉన్న చోట తోసేది. కాసేపటికి వరస తప్పి, తన రోకలి తన చేతిమీదే వేసుకుంది.

"దీనికీ కట్టు కట్టించండి సేటుగారూ!" అని ఆమె పడీపడీ నవ్వింది. ఎంత నిశ్చింతగా నవ్విందో!

మస్తాన్ నవ్వలేదు. విరిగిన చేతి మోటారు ఊడదీసి మామూలు పౌండర్ రోలు కింద బిగించాడు. లోపలి అంచుకి ఆనేలా ఒక వంపు రేకు నిలిపాడు. రోలే తిరుగుతుంటే, పొడి రేకుకి తగిలి తనంతట తానే నడుమకు జారింది. ఇక చెయ్యీ అక్కర్లేదు, బొమ్మా అక్కర్లేదు. తలా మొహమూ లేని ఆ మిషన్ని చూడ్డానికి ఎవరూ ఆగలేదు. ఖాసిం గారు మాత్రం బేరమాడకుండా పట్టుకెళ్లారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

కొన్నాళ్లకు జైతూన్‌బీ ఒక్కతే వచ్చింది. వేలు మానింది. పనిలోంచి తీసేశారు. మూలనున్న బొమ్మ తలపాగా సర్దుతూ, "ఇదే నయం సేటుగారూ. దీని పక్కన నేనుండాల్సి వచ్చేది," అంది.

మనిషిలా ఉన్నదాన్ని చూసి జైతూన్‌బీ జడిసింది. మనిషిని పక్కకు తోసింది, ఒక్క పనే తెలిసిన ఆ రోలు. ఇప్పుడు ఎవరు మిషన్ అడిగినా, "ఈ పని ఇప్పుడెవరు చేస్తున్నారండీ?" అని అడుగుతాను. జవాబు విన్నాక మిషన్ అమ్ముతాను కూడా.