బ్యాకప్ నాది, రిస్టోర్ అతనిది

అమెరికాలో, శాంటా క్లారాలోని మా ఆఫీసులో వర్చువల్ మెషీన్లకి బ్యాకప్‌లు తీసేది నేను. వర్చువల్ మెషీన్ అంటే బల్ల మీద కనిపించే కంప్యూటర్ కాదు. ఒకే ఇంట్లో వాటాలకి దిగిన సంసారాల్లాగా, ఒకే పెద్ద సర్వర్‌లో ఎవరి పేరు, ఎవరి అడ్రస్ వాళ్లు పెట్టుకుని బతికే కంప్యూటర్లు. రోజూ వాటన్నిటికీ నకళ్లు తీసి దాస్తాను. ఈ పని బాగా చేస్తే చేసినట్టు ఎవరికీ తెలియదు. నాకు నచ్చిందీ అదేనని ఇంటర్వ్యూలో చెప్పాను. ఇంటర్వ్యూలో ఎన్నో చెబుతాం.

మెషీన్ ఏదైనా చస్తే, నేను దాచిన నకలు తీసి దాన్ని మళ్లీ లేపడం, అంటే రిస్టోర్, మా తమ్ముడి పని. సొంత తమ్ముడు కాదు. వరంగల్ మనిషి, నాకంటే చిన్నవాడు. చేరిన రోజే "నువ్వుండంగ నాకేం ఫికర్ అక్కా" అని నా లంచ్ బాక్స్‌లో చెయ్యి పెట్టాడు. ఇప్పటిదాకా తియ్యలేదు. అక్కా అని నోరారా పిలిచేవాడి మీద అసూయ పడటం అంత తేలిక కాదు. నేను కష్టపడి సాధించాను.

మొదట్లో అంత లేదు. ఒకసారి ఎవరో పొరపాటున అకౌంట్స్ వాళ్ల మెషీన్‌ని డిలీట్ చేశారు. ఇతను లంచ్ లోపల రిస్టోర్ చేశాడు. మా డైరెక్టర్, పెద్దావిడ, స్వయంగా కేక్ తెప్పించింది. దాని మీద క్రీముతో "అవర్ హీరో!" అని రాసి ఉంది. నాకు వచ్చిన ముక్కలో ఆశ్చర్యార్థకం ఉంది.

"వడ్డించినవాడికి పేరు, వండినవాడికి పొగ," అన్నాను ఆ సాయంత్రం మా ఆయనతో.

"ఆ పొగ ఇక్కడిదాకా వస్తోంది. కిటికీ తియ్యనా?"

"నాకేం అసూయ లేదు."

"లేదులే. మజ్జిగ తాగు, కాస్త చల్లారుతుంది."

చల్లారేలోపే డైరెక్టర్ మా ఇద్దరినీ పిలిచింది. టీమ్‌ని నడపడానికి ఒక లీడ్ కావాలిట, మా ఇద్దరిలో ఒకరట. పైవాళ్ల ముందు ఒక డెమో అయ్యాక చెబుతానంది. దేని డెమో? రిస్టోర్‌దే. బ్యాకప్‌కి డెమో పెడితే చూడటానికేముంది, చివర్లో ఒక ఆకుపచ్చ టిక్కు.

డెమోకి జీతాల మెషీన్‌ని ఎంచుకున్నారు. అసలుది నడుస్తూనే ఉంటుంది, దాని నకలుని పక్కన లేపి చూపించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నకలుని లేపే ముందు దానికి నెట్‌వర్క్ తీసెయ్యాలి. లేకపోతే ఒకే పేరుతో, ఒకే అడ్రస్‌తో ఇద్దరు పెళ్లికొడుకులు పందిట్లోకి వచ్చినట్టే. ఎవరితో మాట్లాడాలో తెలియక ఆఫీసంతా తికమకపడి, చివరికి అసలు పెళ్లికొడుకు కూడా కూలబడతాడు. నేను ప్రతి శుక్రవారం బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షిస్తాను కాబట్టి ఇది నాకు పళ్లు తోముకోవడంలాంటిది. మా తమ్ముడు మాత్రం ఎప్పుడూ చచ్చినవాటినే లేపాడు. బతికున్నదాని పక్కన లేపాల్సిన అవసరం అతనికి రాలేదు.

డెమో రోజు కాన్ఫరెన్స్ రూమ్ నిండిపోయింది. పెద్ద తెర మీద అతని మౌస్ పవర్ ఆన్ వైపు వెళుతోంది. నెట్‌వర్క్ పక్కన టిక్కు అలాగే ఉంది. అది కనిపించింది నాకొక్కదానికే. నోరు మూసుకుంటే చాలు, లీడ్ నేనే. అంత సులువైన పని నా కెరీర్‌లో ఎప్పుడూ తగల్లేదు.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. అసలుది కూలితే మళ్లీ లేపేదెవరు? ఇతనే. నా బ్యాకప్‌లోంచే. మళ్లీ కేక్.

"తమ్ముడూ, నెట్‌వర్క్ తీసెయ్!" అన్నాను, గట్టిగా, తెలుగులోనే.

అతని చెయ్యి ఆగింది. టిక్కు తీశాడు, నకలుని లేపాడు, అంతా సవ్యంగా జరిగింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గదిలో అందరి వైపూ తిరిగి, ఇప్పుడే నేను చెయ్యబోయిన తప్పు ఇది, మా అక్క ఆపకపోతే అసలు మెషీన్ పడిపోయేది, అని ఇంగ్లిష్‌లో వివరంగా చెప్పాడు. నన్ను లేచి నిలబడమన్నాడు. చప్పట్లు కొట్టారు. తన తప్పు అందరి ముందు చెప్పుకోగలిగినవాడే టీమ్‌ని నడపగలడని డైరెక్టర్ మురిసిపోయింది. అది చూడగానే నాకు అర్థమైపోయింది.

మర్నాడే మెయిల్ వచ్చింది, లీడ్ అతనే.

నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నీకే వస్తదనుకున్న అక్కా. నిజంగ."

"నేనూ అదే అనుకున్నాను తమ్ముడూ. నిజంగా."

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత, "ఇయ్యాల ఏం తెచ్చినవ్?" అన్నాడు.

బాక్స్ తీసి ముందు పెట్టాను. బీరకాయ కూర, అన్నం. కడుపునిండా తిన్నాడు.

ఆ వారం నుంచి రెండు బాక్సులు తెస్తున్నాను. బీరకాయ కూర బల్ల మీద ఉంటుంది. గుత్తివంకాయ కూర, వడియాలు నా డెస్క్ కింది సొరుగులో ఉంటాయి. బ్యాకప్ ఎక్కడ దాచామో లీడ్‌కి చెప్పాలన్న రూల్ మా టీమ్‌లో ఇంకా లేదు.