తిప్పన్న మేష్ట్రు యాంప్లిఫయరు, నా చిన్న పెట్టె

మొన్న మధ్యాహ్నం ఒక వైరు కొనుక్కుందామని బళ్ళారి బజారులో రిపేరు అంగడి ముందు స్కూటరు ఆపాను. లోపల అంగడాయన ఒక పాత వాల్వు రేడియోకు కరెంటు ఇచ్చి, అది వేడెక్కేదాకా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఒక నిమిషానికి ఆ వాసన వచ్చింది. గాజు వాల్వులు లోపల ఎర్రబడినప్పుడు, వాటి మీద పేరుకున్న దుమ్ము సన్నగా కాలే వాసన. నేను వైరు సంగతి మరిచిపోయాను. ఆ వాసన తగిలితే నా గుండె ఇప్పటికీ గబగబా కొట్టుకుంటుంది. తిప్పన్న మేష్ట్రు ఇంకో నిమిషంలో గిటారు అందుకుంటారని దానర్థం.

మా వైపు మాస్టారును మేష్ట్రు అంటాం. ఆయన సిరిగేరిలో వరి పండించే రైతు. పొలం పనులు లేనప్పుడు బళ్ళారికి వచ్చి తన ఆర్కెస్ట్రాను నడిపేవారు. పెళ్ళిళ్ళకు, ఊరి ఉత్సవాలకు వాయించే చిన్న బృందం అది. ఎప్పుడో మూతపడిన ఒక టెంటు సినిమా నుంచి పాత వాల్వు యాంప్లిఫయరు తెచ్చుకుని, దాన్ని విప్పి, గిటారుకు పనికొచ్చేలా సొంత చేతులతో మళ్ళీ కట్టుకున్నారు. దానికి టేకు చెక్కతో పెట్టె, ముందు పెద్ద స్పీకరు. ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. ఆన్ చేశాక వేడెక్కేదాకా ఎవరూ దాన్ని తొందరపెట్టకూడదు.

నేను ఆ బృందంలో చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఎలక్ట్రానిక్స్ చదివి, నాన్న బట్టల అంగడిలో బిల్లులు కొడుతూ, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని గిటారు సాధన చేసేదాన్ని. బజారు మధ్య ఇల్లు, చుట్టూ చుట్టాలు. గట్టిగా వాయించే వీలు లేదు. నా దగ్గర ఉన్నది యాంప్ మోడలర్. అరచేతికి కొంచెం పెద్దదైన డిజిటల్ పెట్టె. ఎన్నో రకాల యాంప్లిఫయర్లు ఎలా పలుకుతాయో లెక్కగట్టి, లోపలున్న చిన్న కంప్యూటరు ఆ శబ్దాలను అనుకరిస్తుంది. మొదటి రోజు రిహార్సలుకు దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళాను.

మేష్ట్రు నా చేతులవైపు, నా వెనక తలుపువైపు చూశారు. "ఏందమ్మా వాణీ, యాంపు యాడ?"

"ఇదే మేష్ట్రూ."

ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "టిఫిన్ డబ్బా మాదిరి ఉండాది గదమ్మా! ఇందులో యాంపు ఉండాదా, చిత్రాన్నం ఉండాదా?"

డ్రమ్స్ వాయించే రఫీ పగలబడి నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. ప్లగ్గు పెట్టి, ఒకదాని తరువాత ఒకటిగా ఆరు రకాల శబ్దాలు వినిపించాను. ఆయన నవ్వు మానేసి, నేల మీద కూర్చుని, చివరిదాకా విన్నారు. "బాగుండాది. కానీ బొమ్మ బొమ్మే" అన్నారు. అంతే, యుద్ధం మొదలైంది. ఆ తరువాత రెండు నెలలు మేమిద్దరం వాదించుకోని రిహార్సలు లేదు. నేను లాప్‌టాప్‌లో రెండు శబ్దాల గీతలు పక్కపక్కన పెట్టి చూపించేదాన్ని. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని శ్రద్ధగా చూసి, "గీతలు ఒకటే. నా చెవి ఒప్పుకోలా" అనేవారు. నాకు కోపం వచ్చేది. అబద్ధమెందుకు, రిహార్సలు జరిగే ఆదివారం ఎప్పుడొస్తుందా అని కూడా ఉండేది.

చివరికి ఒక ఆదివారం ఉదయం రఫీ విసిగిపోయాడు. "సుమ్నే, ఊరికే ఎంత వాదిస్తారప్పా! దుప్పటి కడదాం, తేలిపోతాది" అన్నాడు. గది మధ్య దుప్పటి కట్టాం. ఒకపక్క ఆయన యాంప్లిఫయరు, దాని పక్కనే నా పెట్టెకు తగిలించిన స్పీకరు, రెండూ ఒకే వాల్యూములో. నేను దుప్పటి వెనక, వాటికి ఎడంగా నిలబడి ఒకే ముక్కను ఎనిమిదిసార్లు వాయించాలి. ఏది దేనిలోంచి వస్తోందో మేష్ట్రు చెప్పాలి. రఫీ గోడ మీద సుద్దతో గీస్తాడు. పాటలు పాడే గిరిజక్క కూడా వంట మానుకుని వచ్చి కూర్చుంది.

ఆయన ఎనిమిదింటిలో మూడే సరిగ్గా చెప్పారు.

నేను దుప్పటి పక్కకు లాగి దాదాపు గంతేశాను. మరుక్షణమే భయం వేసింది. జీవితమంతా ఆ టేకు పెట్టెను మోసిన మనిషి, అందరి ముందు ఓడిపోయారు. ఆయన గోడ మీది గీతలను తనే ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. తరువాత రెండు చేతులూ పైకెత్తి పెద్దగా నవ్వారు. "ఓడిపోయినానప్పా! నాకు తెలీలా. నిజంగానే తెలీలా!" ఆ గొంతులో ఉక్రోషం లేదు. ఏదో కొత్త వింత చూసినవాళ్ళ సంబరం ఉంది. పెద్దవాళ్ళెవరైనా అలా ఓడిపోవడం నేను అంతవరకూ చూడలేదు. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే గొంతు తగ్గించి, మాట మార్చి, లేచి వెళ్ళిపోవడం.

"ఇప్పుడు నీ వంతు" అన్నారు. "నువ్వు వినొద్దు, వాయించు. కండ్లకు గుడ్డ కట్టుకో. రఫీ మారుస్తాంటాడు."

ఏముందిలే అనుకుని గిరిజక్క చున్నీతో కళ్ళు కట్టుకున్నాను. రెండు స్పీకర్లూ నా వెనక, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పెట్టారు. మొదటి తీగ మీటాను. మామూలుగానే ఉంది. రఫీ ప్లగ్గు మార్చాడు. రెండోసారి మీటగానే నా వేలి కింద తీగ కదిలింది. నేను కదిలించలేదు. వెనక స్పీకరు నెట్టిన గాలి గిటారును తాకి, అయిపోతున్న స్వరాన్ని మళ్ళీ లేపుతోంది. మెల్లగా మీటితే ఆ పెట్టె మెల్లగా మాట్లాడింది, గట్టిగా మీటితే ముందు కొంచెం ఒంగి, తరువాత పైకి లేచింది. "ఇది మీది మేష్ట్రూ" అన్నాను. మళ్ళీ మార్చారు, మళ్ళీ చెప్పాను. ఎనిమిదికి ఎనిమిదీ సరిపోయాయి. తేడా లేనే లేదని రెండు నెలలు గొంతు చించుకున్నదాన్ని నేనే.

గుడ్డ విప్పేసరికి ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "వినేవాళ్ళకు నీ మాట నిజం. వాయించేవాళ్ళకు నా మాట నిజం. ఇద్దరం ఓడిపోయినాం, చూస్తివా ఎంత బాగుండాదో!" నేను కూడా గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాను. ఆ రోజు రిహార్సలు జరగనేలేదు. సాయంత్రందాకా వంతులవారీగా గుడ్డ కట్టుకుని వాయిస్తూనే ఉన్నాం.

మరుసటి వారం ఆయన నన్ను సిరిగేరికి రమ్మన్నారు. నా పెట్టెకు ఇంకో విద్య తెలుసు. నిజమైన యాంప్లిఫయరు గుండా రకరకాల కూతలు పంపించి, దాని ముందు మైకు పెట్టి, అది పలికే తీరును నకలు తీసుకుంటుంది. అయితే ఒకసారికి ఒక్క సెట్టింగే. ఆయన ఆ ఒక్కటి ఎంచుకోవడానికి ఉదయమంతా తీసుకున్నారు. గుండీని వెంట్రుకవాసి తిప్పడం, వాయించడం, తల అడ్డంగా ఊపడం. కూతలు మొదలవగానే పొలానికి వెళ్తున్న ఒకాయన ఆగి, "ఏంది తిప్పన్నా, మోటరు చెడిపోయిందా?" అని అడిగాడు. "లేదప్పా, ఫోటో తీస్తాండారు!" అన్నారు ఈయన గర్వంగా.

అన్నం తినేటప్పుడు అసలు సంగతి చెప్పారు. "ఎడమ చేతి వేళ్ళు మొద్దుబారతాండాయమ్మా. డాక్టరు ఇంక తగ్గదు అన్న్యాడు. తారానగర్ ప్రోగ్రామే ఆఖరు. రఫీవాళ్ళకింకా చెప్పలా." నేను ఆయన ఎడమ చేతివైపు చూశాను. ఆయన మాత్రం నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, నకలు ఎలా వచ్చిందో వినిపించమని తొందరపెట్టారు.

సండూరు కొండల దగ్గర తారానగర్‌లో ప్రోగ్రాం. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. ఇనుప రాతి దుమ్ముతో రోడ్డూ చెట్లూ మా చెప్పులూ అన్నీ ఒకే ఎరుపు. కరెంటు పడుతూ లేస్తూ ఉంది. మూడో పాట మధ్యలో, గిటారు ఒంటరిగా వాయించాల్సిన చోటుకు కాసేపటి ముందు, టేకు పెట్టె వెనకనుంచి తెల్లటి పొగ లేచింది. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మేష్ట్రు మీటిన తీగ వట్టి తీగలా టిక్కుమంది. ఆయన ముఖం చూశాను. జీవితంలో ఆఖరి స్టేజీ, చేతిలో మూగ గిటారు.

నేను ఆలోచించలేదు. నా గిటారు వైరు పీకేసి, ఆ కొస ఆయన చేతిలో పెట్టాను. వంగి, సిరిగేరిలో తీసిన నకలు మీదకు గుండీ తిప్పాను. "మీదే మేష్ట్రూ! వాయించండి!" గిరిజక్క పరిస్థితి గమనించి పల్లవిని ఇంకోసారి అందుకుంది. రఫీ డ్రమ్స్ ఆపలేదు. మేష్ట్రు వైరు గుచ్చుకుని, మొద్దుబారిన వేళ్ళతో తీగను నొక్కి పైకి లాగారు.

స్టేజీకి రెండుపక్కలా ఉన్న పెద్ద స్పీకర్లన్నిటిలోంచి ఆయన గిటారు గొంతే వచ్చింది. ముందు కూర్చున్న ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు, వెనకనున్న లారీ డ్రైవర్లు ఈలలు వేశారు. నేను శబ్దం లేని గిటారును పట్టుకుని, ఆయన పక్కన నిలబడి, కేకలు వేస్తూ ఉత్తినే వాయించాను. అది నా మొదటి స్టేజీ. నా నుంచి ఒక్క స్వరం కూడా ఎవరూ వినలేదు. అంత బాగా ఇంకెప్పుడూ వాయించలేదేమో.

దిగాక ఆయన చెమట తుడుచుకుంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. "వీపుకు గాలి తగల్లా. అయినా పాట పోలా. రెండూ చెప్పల్ల గదా, చెప్తాండా." ఆ పొగడ్తలో సగం తగ్గించి చెప్పినందుకే నాకు అది మొత్తంగా దక్కింది. ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ట్రాన్స్‌ఫార్మరు కొత్తగా చుట్టించి యాంప్లిఫయరును బాగుచేశారు, ఆదివారాలు నా చేత దాని మీద వాయించుకుని విన్నారు. రెండేళ్ళ క్రితం కన్నుమూశారు.

ఇప్పుడు నేను బళ్ళారిలో గిటారు నేర్పుతున్నాను. పోయిన నెల బ్యాంకులో పనిచేసే ఒకావిడ, నా దగ్గర కొత్తగా చేరినామె, నేను ఏళ్ళుగా నేర్పుతున్న ఒక వేళ్ళ పద్ధతి తప్పంది. నాకు ముందు ఒళ్ళు మండింది. ఏదో గట్టి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, క్లాసులో అందరి ముందూ రెండు పద్ధతులూ వాయించి చూశాం. ఆమెదే సులువుగా ఉంది, వేగంగానూ ఉంది. "నాదే తప్పు, ఇంకోసారి చూపించండి" అన్నాను. నా గొంతు తగ్గలేదు. కుర్చీ ఆమెకు దగ్గరగా లాక్కుని, ఆమె వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూస్తూ మొదటినుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను.