నల్లా బుసకొడితే

బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపట్టే మా సూర్యాపేట గల్లీలో తాగడానికి నల్లా నీళ్ళే దిక్కు. ఎనభైల చివర అవి పగటిపూట ఎప్పుడో వచ్చి అరగంటలో పోయేవి. ఆ వేళకు నాన్న మార్కెట్‌లో, అమ్మ గరిడేపల్లి బడిలో, నేను కాలేజీలో. ఇంట్లో ఉండేది నాయనమ్మ, మా కుక్క. నాయనమ్మకు చెవులు వినపడవు. ఆ మాటంటే మాత్రం "నాకేమైంది, మంచిగనె ఇనవడతది" అని మీదికొచ్చేది.

నల్లా వచ్చిన చప్పుడు ఆమెకు వినపడక వరసగా మూడు రోజులు బిందెలు ఎండాయి. ఆ సంగతి తెలిసి, నాయనమ్మను తనతో తీసుకుపోతానని పెదనాన్న కోదాడ నుంచి ఉత్తరం రాశాడు. నాన్న గొంతు తగ్గించే చదివాడు. అదేం చిత్రమో, ఆ ఉత్తరం మాత్రం ఆమెకు పొల్లుపోకుండా వినపడింది. "ఈ గల్లీల అందరు నన్ను అక్కా అంటరు. గాడ నేనెవరికి ఎరుక?" అని ఏడ్చింది. పెదనాన్న మీద నాకు ఒళ్ళు మండింది.

ఎండాకాలం సెలవుల్లో కుక్కకు చదువు మొదలుపెట్టాను. నీళ్ళు వచ్చే ముందు నల్లా గాలి వదులుతూ బుసకొట్టేది. ఆ చప్పుడు నేర్పడానికి నాన్న సైకిలు పంపు తీశాను. నేను పంపు కొట్టగానే కుక్క వెళ్ళి నాయనమ్మ కొంగు లాగాలి, ఆమె ఆకువక్కల సంచిలోంచి రస్కు ముక్క తీసి పెట్టాలి. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎదురుగా కిరాయి సైకిళ్ళ దుకాణం ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. అక్కడ గాలి కొట్టినప్పుడల్లా కుక్క కొంగు లాగడం, నాయనమ్మ బిందెతో ఉరకడం, ఎండిన నల్లా ముందు నిలబడి నా వంశాన్నంతా తిట్టడం. "ఆ వంశంల నువ్వు గూడ ఉన్నవ్ గదనే" అని చెవిలో అరిస్తే ఇంకో రెండు తిట్లు.

పంపు అటకెక్కింది. ఇక కుక్కను నల్లా పక్కనే కట్టేసి, అసలు బుస వినపడ్డప్పుడే రస్కు పెట్టాను. దుకాణం బుసకు ఏమీ పెట్టలేదు. పదిహేను రోజులకు దానికి తేడా తెలిసింది.

ఒకనాడు పెదనాన్న రానే వచ్చాడు. అందరం అన్నాలకు కూర్చున్నాం. "అమ్మ బట్టలు సర్దండి, సాయంత్రం తీసుకెళ్తా" అని మొదలుపెట్టి, తన ఇంట్లో ఎంత సుఖమో గొంతు చించుకుని చెబుతున్నాడు. అన్నకు ఎదురు చెప్పలేక నాన్న తల వంచుకున్నాడు. అమ్మా నేనూ గుడ్లప్పగించి కూర్చున్నాం. ఇంతలో కుక్క వచ్చి నాయనమ్మ కొంగు లాగింది. ఆమె చెయ్యి కడుక్కుని, దానికి రస్కు పెట్టి, బయటికి నడిచింది. రెండో బిందె తెచ్చి లోపల దించేదాకా నీళ్ళొచ్చిన సంగతి మాకెవరికీ తెలియదు.

"మీ చెవులు మంచిగనె ఉన్నయి గద కొడకా," అంది పెదనాన్నతో. "ఒక్కరికన్న ఇనవడ్డదా?"

పెదనాన్న మజ్జిగన్నం ముగించి, సాయంత్రం బస్సుకు ఒక్కడే కోదాడ పోయాడు.