ఉగ్గుగిన్నె

ఆదివారం వచ్చిందంటే అత్వెల్లి ఎల్లేష్ బండి కార్బురేటర్ విప్పి వంటింటి గడప దగ్గర పరుస్తాడు. అందులో పెట్రోలు చిమ్మే సన్నని జెట్టును నోట్లో పెట్టుకుని ఊదుతాడు, నల్లటి ఉమ్మి వాకిట్లో ఊస్తాడు, అదే మూతితో బిడ్డను ముద్దాడతాడు. చూసినప్పుడల్లా అతని పెళ్ళాం సుచిత్ర బిడ్డ బుగ్గను కొంగుతో తుడుస్తుంది. నిన్న బిడ్డకు పాలు పట్టే ఉగ్గుగిన్నెలోనే పెట్రోలు పోసి జెట్టు నానేశాడు.

"గిది బిడ్డ గిన్నె గదయ్యా."

"ముక్కున్నది, వొంపనీకి అల్కగుంటది. కడిగితె వాసన వోతది తియ్."

ఆమె చింతపండుతో మూడుసార్లు తోమింది. వాసన పోలేదు. బిడ్డకు చెంచాతో పాలు పట్టి, మొగుడికి ఆ గిన్నెలోనే చాయ్ పోసి ఇచ్చింది.

ఒక్క గుక్కకే ఉమ్మేశాడు. "థూ, పెట్రోల్ కంపు."

"గిన్నె కడిగిన. నీ నోటిదేమో సూస్కో," అంది సుచిత్ర.